రెండో సగం లేకపోతే ఆ సినిమా లేదు

పీటర్ ఓటూల్ నటించిన 'ది రూలింగ్ క్లాస్' గురించి చూసినవాళ్ల మధ్య చర్చ ఎక్కడ మొదలైనా, చివరికి ఒక ఫిర్యాదు దగ్గరికి వచ్చి చేరుతుంది. మొదటి సగం అద్భుతం, రెండో సగం చేదు అంటారు. ఆడుతూ పాడుతూ సాగిన సినిమా ఉన్నట్టుండి హత్యల్లోకి దిగిందనీ, దర్శకుడు పీటర్ మెడాక్‌కి పట్టు తప్పిందనీ, 154 నిమిషాల నిడివిలో చివరి భాగం సగానికి తగ్గించినా నష్టం లేదనీ వాళ్ల అభిప్రాయం. 1972లో వచ్చిన ఈ సినిమాను ఈ రోజు కొత్తగా చూసే కుర్రవాళ్లు కూడా ఇదే అంటారు. ఇంతమంది ఒకే చోట ఇబ్బంది పడ్డారంటే అందులో ఏదో నిజం ఉండే ఉంటుందని ఒప్పుకుంటాను. ఇబ్బంది నిజమే, కానీ దాని నుంచి వాళ్లు తేల్చిన తీర్పు తప్పని నా వాదన. బ్రిటిష్ ప్రభువర్గం మీద వచ్చిన వ్యంగ్య చిత్రాల్లో దీనంత నిక్కచ్చిగా మాట్లాడింది మరొకటి లేదు, ఆ మాట పలికేది రెండో సగంలోనే. మొదటి సగమే నచ్చి అక్కడ ఆగిపోయిన ప్రేక్షకుడు ప్రభువుల ఇంటి వింతలు చూసి ఆనందించి వెళ్లిపోయినవాడవుతాడు. ఆ వింతల వెనక ఉన్న అధికారం అతని కంట పడదు. వాదన ముందుకు సాగాలంటే కథ చివరిదాకా చెప్పక తప్పదు కాబట్టి, ముందే తెలుసుకోవడం ఇష్టం లేనివారు సినిమా చూసి వచ్చి చదవడం మంచిది.

కథ పదమూడో ఎర్ల్ ఆఫ్ గర్నీతో మొదలవుతుంది. ఆయన న్యాయమూర్తి. జీవితమంతా మనుషులకు ఉరిశిక్షలు వేసినవాడు. రాత్రి పడుకోబోయే ముందు సైనికాధికారి కోటు, కింద నాట్యకత్తెల పొట్టి గౌను వేసుకుని, మెడకు ఉరితాడు తగిలించుకుని ఒక్క క్షణం ఊగి దిగడం ఆయన రహస్య వినోదం. ఒక రాత్రి కాలు జారి నిజంగానే ప్రాణం పోతుంది. వీలునామా చదివితే బట్లర్ టకర్‌కి ముప్ఫై వేల పౌన్లు, మిగతా ఎస్టేటంతా కొడుకు జాక్‌కి. జాక్ కొన్నేళ్లుగా మానసిక వైద్యశాలలో ఉన్నాడు. తాను ఏసుక్రీస్తునని అతని గట్టి నమ్మకం. సన్యాసి అంగీతో, పొడుగు జుట్టుతో ఇంటికి వచ్చి, హాల్లో నిలబెట్టిన పెద్ద శిలువ ఎక్కి దాని మీదే విశ్రాంతి తీసుకుంటాడు. అందరినీ ప్రేమించాలంటాడు, తన బిరుదులతో తనను పిలవవద్దంటాడు. బాబాయి సర్ చార్లెస్‌కి ఇది భరించరాని సంకటం. జాక్‌కి పెళ్లి చేసి, వారసుడు పుట్టగానే మళ్లీ ఆసుపత్రికి పంపేసి, ఆ పసివాడి పేరున ఎస్టేటు తను నడపాలని పథకం వేస్తాడు. జాక్ తనకు ఇదివరకే పెళ్లయిందని, భార్య 'కమేలియాల' కథానాయిక మార్గరీత్ అని నమ్ముతుంటాడు గనక, తన ఉంపుడుగత్తె గ్రేస్‌కే ఆ వేషం వేయించి తీసుకొస్తాడు. ఇదంతా పాటలతో, నాట్యాలతో, ఎక్కడికక్కడ మాట తెంచుకుని గంతులేసే మనుషులతో నడుస్తుంది. ఓటూల్ నీలి కళ్లలో ఆ వెర్రితనం ఎంత నిష్కల్మషంగా మెరుస్తుందంటే, ఆ ఇంట్లో ప్రేమ అనే మాట మనస్ఫూర్తిగా పలికేది అతనొక్కడేనని మనకు అర్థమవుతుంది.

తరవాత వైద్యం జరుగుతుంది. డాక్టర్ హెర్డర్ అనే మానసిక వైద్యుడు, తానే దేవుణ్నని నమ్మే మరో రోగిని తీసుకొచ్చి జాక్ ఎదురుగా నిలబెడతాడు. ఈ రెండో దేవుడు విద్యుత్తుతో, పిడుగులతో మాట్లాడేవాడు. ఒకే గదిలో ఇద్దరు దేవుళ్లు ఉండలేరన్న తర్కంతో జాక్ నమ్మకం పగలాలని వైద్యుడి ఆశ. పైగదిలో గ్రేస్‌కి నొప్పులు వస్తున్న రాత్రే ఈ పరీక్ష జరుగుతుంది. జాక్ మూర్ఛతో కూలిపోయి, లేచి, తన పేరు జాక్ అని ఒప్పుకుంటాడు. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. జుట్టు కత్తిరించుకుని, నల్లటి పాతకాలపు దుస్తులు వేసుకుని, క్రమశిక్షణ గురించి, శిక్షల గురించి మాట్లాడే పెద్దమనిషిగా మారతాడు. 1888లో లండన్ తూర్పు వాడల్లో పేద స్త్రీలను చంపిన జాక్ ది రిప్పర్ తానేనని ఇప్పుడతను నమ్ముతున్న సంగతి ఎవరికీ తెలియదు. పినతల్లి క్లేర్‌ని పొడిచి చంపుతాడు. ఆ నేరం బట్లర్ టకర్ మీద పడుతుంది. జాక్ ప్రభువుల సభకు వెళ్లి ఉరి, కొరడా, భయం లేకుండా రాజ్యం నిలవదని ప్రసంగిస్తాడు. అతని కళ్లకు ఆ సభ సాలెగూళ్లు పట్టిన శవాలతో, అస్థిపంజరాలతో నిండి కనిపిస్తుంది. ఆ సభ అతనికి జేజేలు కొడుతుంది. ఇంటికి వచ్చి, తనను నిజంగా ప్రేమించిన గ్రేస్‌ని చంపుతాడు.

ఇప్పుడు మొదటి ఫిర్యాదు దగ్గరికి వద్దాం. సినిమా స్వభావం మారిపోయిందంటారు. నిజానికి మారింది జాక్ ఒక్కడు, చుట్టూ ఉన్నవాళ్లు మారలేదు. ప్రేమ గురించి మాట్లాడినప్పుడు వాళ్లు అతణ్ని పిచ్చివాడన్నారు, చంపడం గురించి మాట్లాడినప్పుడు దారికొచ్చాడన్నారు. రెండు సగాలనూ కలిపి చూస్తేనే ఈ సంగతి తేలుతుంది. మొదటి సగం ఒక్కటే ఉంటే ఇది దొరగారింట్లో వెర్రి వారసుడి ముచ్చట. రెండో సగం ఒక్కటే ఉంటే ఇది ఒక హంతకుడి కథ. రెండూ పక్కపక్కన నిలిచినప్పుడే, ఏ మనిషిని మామూలు మనిషిగా అంగీకరించాలో తేల్చే హక్కు ఎవరి చేతిలో ఉందో, వాళ్లు దేన్ని చూసి తేలుస్తున్నారో బయటపడుతుంది. మొదటి సగంలో మనం నవ్విన నవ్వు కూడా ఆ లెక్కలోకే వస్తుంది. అతని ప్రేమ ప్రవచనాలు మనకూ వేడుకగానే కనిపించాయి. అవి విని ఆ ఇంట్లోవాళ్లు తల పట్టుకుంటుంటే మనం చూసి నవ్వుకున్నాం. రెండో సగంలో నవ్వు రాకపోవడం దర్శకుడి అసమర్థత అయితే, మొదటి సగం అంత నేర్పుగా ఎలా తీశాడన్న ప్రశ్నకు జవాబు ఉండదు. అదే చెయ్యి, అదే నటుడు, అదే భవనం. నవ్వును కావాలనే వెనక్కి తీసుకున్నారు.

ఇందుకు సినిమాలోనే రెండు గట్టి సాక్ష్యాలున్నాయి. జాక్ 'బాగుపడ్డాక' కూడా సర్ చార్లెస్ తన పథకం వదలడు. మతిస్థిమితం విచారించే అధికారిని పిలిపిస్తాడు. ఆ అధికారి కొన్ని ప్రశ్నలు వేస్తాడు, జవాబులు పూర్తిగా నమ్మకం కలిగించవు. ఇంతలో తామిద్దరూ ఈటన్ బడిలో చదువుకున్నవాళ్లమని తెలుస్తుంది. ఇద్దరూ కలిసి ఆ బడి పడవ పాట అందుకుంటారు. జాక్‌కి మతి సరిగానే ఉందని అక్కడికక్కడే తేలిపోతుంది. ఇది కేవలం నవ్వుల కోసం పెట్టిన సన్నివేశమని అనుకుంటే చాలా పోగొట్టుకుంటాం. వైద్యుడి పరీక్షలు, చట్టపు నిర్వచనాలు చేయలేని పనిని ఒక బడి పాట చేసింది. తమవాడు అన్న గుర్తు దొరకగానే ప్రశ్నలు ఆగిపోయాయి. ఈటన్ నుంచి ప్రధానమంత్రులు వరసగా వచ్చిన దేశంలో ఆ పాటకున్న బరువు అక్కడి ప్రేక్షకుడికి విడమరిచి చెప్పక్కర్లేదు.

రెండో సాక్ష్యం బట్లర్ టకర్. ఈ పాత్ర వేసిన ఆర్థర్ లో అనే నటుణ్ని అప్పటికే బ్రిటిష్ ఇళ్లన్నీ 'డాడ్స్ ఆర్మీ' టీవీ ధారావాహికలో బ్యాంకు మేనేజరు మేన్వరింగ్‌గా ప్రేమించాయి. అలాంటి మనిషిని తెచ్చి, డబ్బు చేతికొచ్చాక కూడా ఆ ఇల్లు వదలలేక, తాగుతూ, దొరలను ముఖం మీదే తిడుతూ, రహస్యంగా విప్లవ సాహిత్యం దాచుకునే సేవకుడిగా చూపించారు. జీవితమంతా వంగి ఉన్న నడుము డబ్బు రాగానే నిటారు కాదని అతని ప్రతి అడుగులో కనిపిస్తుంది. హత్య జరిగినప్పుడు పోలీసులకు ఎదురుగా ఇద్దరున్నారు. ఒకడు ప్రభువు, ఇంకొకడు ఎర్ర పుస్తకాలు దొరికిన నౌకరు. ఎవరిని తీసుకెళ్లాలో తేల్చడానికి వాళ్లకు ఎంతోసేపు పట్టలేదు. అంతదాకా టకర్ తాగి పాడుతుంటే పగలబడి నవ్విన ప్రేక్షకుడికి ఇక్కడ గొంతులో ఏదో అడ్డుపడుతుంది. రెండో సగం నచ్చలేదన్నవాళ్లలో చాలామందికి అడ్డుపడింది ఇదేనని నా అనుమానం.

దీనికి గట్టి ఆక్షేపణ ఒకటుంది. ఇదంతా అతిశయోక్తి, ఎంత వ్యంగ్యమైనా ఒక హంతకుడి ప్రసంగానికి చట్టసభ లేచి నిలబడి చప్పట్లు కొట్టడం మరీ దూరపు కల్పన అంటారు. దీనికి జవాబు ఈ కథ పుట్టిన కాలంలోనే ఉంది. పీటర్ బార్న్స్ దీన్ని మొదట నాటకంగా రాశారు, అది 1968 నవంబర్‌లో నాటింగ్‌హామ్ ప్లేహౌస్‌లో ప్రదర్శితమైంది. ఆ ఏడాది సెప్టెంబర్ దాకా బ్రిటన్‌లో ఏ కొత్త నాటకమైనా రంగస్థలం ఎక్కాలంటే లార్డ్ ఛాంబర్లేన్ అనే రాజాస్థాన ప్రభువు అనుమతి ఉండాలి. 1737 నుంచి ఉన్న ఆ అధికారం పోయిన రెండు నెలలకే ఈ నాటకం వచ్చింది. అప్పటి ప్రేక్షకులకు ప్రభువుల సభ ఉరి విషయంలో ఏం చేసిందో నిన్న మొన్నటి జ్ఞాపకం. 1948లో కామన్స్ సభ ఉరిశిక్షను నిలుపుదల చేయాలని ఓటు వేస్తే, ప్రభువుల సభ 181 మంది ఓటుతో దాన్ని తిప్పికొట్టింది. ఉరి ఆపాలన్నవాళ్లు అక్కడ 28 మందే. 1956లో కామన్స్ మళ్లీ ఉరి రద్దు బిల్లు పంపితే ప్రభువులు 238కి 95 ఓట్లతో కాదన్నారు. ఎన్నడూ సభ ముఖం చూడని పల్లెటూరి ఎస్టేటు దొరలు కూడా ఆ ఓటు కోసం లండన్ దాకా వచ్చారు. హత్యానేరానికి ఉరిని 1965లో ఆపి, 1969లో శాశ్వతంగా తీసేశారు. జాక్ సభలో చేసిన ప్రసంగానికి నమూనా వెతకడానికి రచయిత పిచ్చాసుపత్రికి వెళ్లాల్సిన పని లేకపోయింది, పార్లమెంటు రికార్డులు చాలు.

భారతీయ ప్రేక్షకుడికి ఇంకా దగ్గరి సాక్ష్యం ఉంది. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్‌లో జనరల్ డయ్యర్ 1,650 తూటాలు కాల్పించాడు. ప్రభుత్వ లెక్క ప్రకారమే 379 మంది చనిపోయారు, భారతీయులు చెప్పిన లెక్క అంతకన్నా చాలా ఎక్కువ. గాయపడ్డవాళ్లను అక్కడే వదిలేసి తన సేనతో వెళ్లిపోయాడు. విచారణ సంఘం ముందు తన చర్యను దాచుకోలేదు, జనంలో భయం పుట్టించడానికే చేశానన్నాడు. ప్రభుత్వం అతన్ని పదవి నుంచి తప్పించింది, 1920 జూలైలో కామన్స్ సభ ఆ నిర్ణయాన్ని బలపరిచింది. అదే నెలలో ప్రభువుల సభలో వైకౌంట్ ఫిన్లే ఒక తీర్మానం పెట్టారు. డయ్యర్ పట్ల జరిగింది అన్యాయమని, ఇది ప్రమాదకరమైన ఒరవడి అని దాని సారాంశం. అది 129కి 86 ఓట్లతో నెగ్గింది. మార్నింగ్ పోస్ట్ పత్రిక డయ్యర్ కోసం నిధి తెరిస్తే ఇరవై ఆరు వేల పౌన్లకు పైగా పోగయ్యాయి. సినిమాలోని ఆ చివరి సభా దృశ్యాన్ని ఈ ఓటు తెలిసి చూసినవాళ్లు అది కల్పన అనలేరు. బార్న్స్‌కి డయ్యర్ మనసులో ఉన్నాడో లేడో ఇక్కడ ముఖ్యం కాదు. భయంతో పాలించాలన్న మాట ఆ సభలో ఎప్పుడూ గౌరవంగానే వినబడింది. క్రమం, కట్టుబాటు, సామ్రాజ్యం అన్న మాటలు చుట్టి చెబితే అది రాజ్యనీతిగా చెల్లింది. సాలెగూళ్ల మధ్య చప్పట్లు కొట్టే ఆ అస్థిపంజరాలను చూసి మన ప్రేక్షకుడు అతి అనడం నాకు బాధగానే ఉంటుంది.

న్యాయంగా చెప్పాలంటే దీనికి ఎదురు సాక్ష్యమూ చరిత్రలో ఉంది. 1760లో నాలుగో ఎర్ల్ ఫెరర్స్ తన ఎస్టేటు వ్యవహారాలు చూసే ఉద్యోగిని కాల్చి చంపాడు. తోటి ప్రభువులే అతన్ని విచారించారు. మతి చలించిందని తన తరఫున తానే వాదించుకున్నాడు, ఆ వాదన సాగించిన తీరే అతనికి మతి ఉందనడానికి రుజువైంది. దోషిగా తేల్చి టైబర్న్‌లో ఉరి తీశారు. ప్రభువులు తమవాణ్ని కూడా శిక్షించారనడానికి ఈ కథ తరచూ చెబుతారు. కానీ ఆ ఉరి అంతగా గుర్తుండిపోయిందే అరుదైనది కాబట్టి. నేరం చేసిన ప్రభువును ప్రభువులే విచారించాలన్న ఆ ప్రత్యేక హక్కు 1948 దాకా చట్టంలో కొనసాగింది. మినహాయింపు ఒకటి చూపించి ఏర్పాటు మొత్తాన్ని సమర్థించడం కుదరదు.

ఈ సినిమా విలువ తెలియాలంటే ఇదే దారిలో వచ్చిన మరో రెండింటి గురించి ప్రేక్షకులు ఏమన్నారో చూడాలి. 1949లో రాబర్ట్ హేమర్ తీసిన 'కైండ్ హార్ట్స్ అండ్ కరోనెట్స్'ని ఇప్పటికీ అందరూ మెచ్చుకుంటారు, నేనూ మెచ్చుకుంటాను. ఇటాలియన్ గాయకుణ్ని పెళ్లాడిందని తల్లిని వెలివేసి, చనిపోయాక కుటుంబ సమాధిలో కూడా చోటివ్వని డాస్కోయిన్ వంశాన్ని ఆమె కొడుకు లూయీ ఒక్కొక్కరినీ తప్పించి డ్యూక్ అవుతాడు. చచ్చే ఎనిమిది మంది పాత్రలనూ అలెక్ గిన్నెస్సే వేశాడు. ఆ సరదాలోనే ఒక సౌకర్యం ఉంది. చనిపోయినవాళ్లందరిదీ ఒకే ముఖం కాబట్టి ఎవరూ చనిపోయినట్టు అనిపించదు, హంతకుడి మర్యాదైన మాటతీరు మనల్ని అతని పక్షాన నిలబెడుతుంది. సినిమా అయ్యాక హాయిగా లేచి వెళ్లగలం. హంతకుడు తప్పించుకుంటాడేమోనన్న అనుమానం కూడా ఉండకూడదని అమెరికా ప్రతిలో అదనంగా ఒక ముగింపు ముక్క అతికించారు. ప్రేక్షకుడి మనశ్శాంతి కోసం అంత జాగ్రత్త తీసుకున్న సినిమా ప్రభువర్గానికి పెద్దగా గుచ్చుకోదు.

2023లో ఎమెరల్డ్ ఫెనెల్ తీసిన 'సాల్ట్‌బర్న్' మీద వచ్చినన్ని భిన్నాభిప్రాయాలు ఈ మధ్య ఏ సినిమాకూ రాలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివే ఆలివర్ అనే కుర్రవాడు తాను దిక్కులేనివాణ్నని చెప్పి, ధనిక మిత్రుడు ఫీలిక్స్ భవనంలో వేసవికి అతిథిగా చేరి, చివరికి ఆ కుటుంబాన్నంతా మట్టుబెట్టి భవనానికి యజమాని అవుతాడు. ఒక పక్షం దీన్ని ధనికుల మీద కసి తీర్చుకున్న సినిమాగా చూసి సంబరపడింది. ఇంకొక పక్షం, ఆలివర్ పేదరికమంతా అబద్ధమని, అతనికి తల్లిదండ్రులు, చక్కటి మధ్యతరగతి ఇల్లు ఉన్నాయని తేలే చోట సినిమా ధనికుల వైపు ఒరిగిపోయిందంది. రెండో పక్షం చెప్పిందే నాకు సరిగ్గా తోస్తుంది. లేనివాడి కోపం అబద్ధమని చూపించాక, ఉన్నవాళ్లు కేవలం మోసపోయిన అమాయకులుగా మిగులుతారు. పైగా ఆ భవనాన్ని కెమెరా ఎంత మోహంతో చూసిందంటే, ప్రేక్షకుడికి ఆ ఇంటి మీద కోపం రాకపోగా అందులో ఒక వేసవి గడపాలనిపిస్తుంది. చివర్లో ఆలివర్ గదుల వెంట నాట్యం చేసే పాట, 2001 నాటిది, 2024 జనవరిలో బ్రిటన్ చార్టుల్లో రెండో స్థానానికి వచ్చింది. చూసినవాళ్ల మనసులో ఏది మిగిలిందో దీన్నిబట్టి తెలుస్తుంది. 'ది రూలింగ్ క్లాస్' భవనంలో, అదెంత గొప్పదైనా, ఒక్క రాత్రి ఉండాలని ఎవరూ కోరుకోరు. రెండో సగం సాధించిన పని అది.

ఇక పాతబడిపోయిందనే అభిప్రాయం. వారసత్వ ప్రభువులు ఇప్పుడెక్కడున్నారు, చచ్చిన పాముని కొట్టడమెందుకు అంటారు. ఈ సినిమా వచ్చిన తరవాత ఇరవయ్యేడేళ్లకు, 1999లో గానీ వారసత్వ ప్రభువులను ఆ సభ నుంచి తప్పించే చట్టం రాలేదు. వచ్చినా 92 మందిని అట్టేపెట్టారు, వాళ్లను తీసేసే బిల్లు 2024లో ప్రవేశపెట్టారు. అంటే పుట్టుక వల్ల చట్టాలు చేసే హక్కు ఇరవై ఒకటో శతాబ్దంలోకి కూడా నడిచొచ్చింది. 2015లో లండన్‌లోని ట్రఫాల్గర్ స్టూడియోస్‌లో జేమీ లాయిడ్ దర్శకత్వంలో జేమ్స్ మెకవాయ్ జాక్‌గా ఈ నాటకాన్ని మళ్లీ వేశారు, మంచి ఆదరణే దక్కింది. ఈ వాదనను బిరుదుల దగ్గర ఆపడమే పొరపాటని నేననుకుంటాను. ఒకే బడి, ఒకే ఉచ్చారణ, ఒకే క్లబ్బు అన్న గుర్తులతో తమవాళ్లకు తామే యోగ్యతాపత్రాలు ఇచ్చుకునే అలవాటు బిరుదులు పోయినంత మాత్రాన పోదు.

మతిస్థిమితం లేని మనిషిని నవ్వులపాలు చేశారన్న ఆక్షేపణను మాత్రం ఇంత తేలిగ్గా పక్కన పెట్టలేం. మానసిక వ్యాధితో బాధపడేవాళ్లకు, వాళ్ల కుటుంబాలకు, తెర మీద శిలువెక్కి పడుకునే పాత్రను చూసి జనం నవ్వడం నొప్పించే విషయమే. వ్యాధిగ్రస్తుడు హంతకుడవుతాడన్న అపోహను ఇలాంటి కథలు పెంచుతాయన్నది కూడా నిజం. పిచ్చి అన్నది పిచ్చి ప్రపంచానికి మనసు ఇచ్చే జవాబు కావచ్చని ఆర్.డి.లేంగ్ లాంటి వైద్యులు వాదిస్తున్న అరవైల గాలి ఈ రచనలో ఉంది, ఆ ఆలోచన వ్యాధి తెచ్చే బాధను చాలాసార్లు తక్కువ చేసి చూసింది. అయినా సినిమా జాక్ మనసును వేళాకోళం చేయలేదు. ఆ మనసు చుట్టూ చేరిన ఆస్తి లెక్కలను చూపించింది. మన జమీందారీల చరిత్ర చదివినవాళ్లకు కోర్ట్ ఆఫ్ వార్డ్స్ గుర్తుంటుంది. వారసుడు మైనరైనా, మతి సరిగా లేదని తేలినా మద్రాసు ప్రెసిడెన్సీలో ఎస్టేటు ఆ కోర్టు అజమాయిషీలోకి పోయేది. ఒక మనిషికి మతి ఉందా లేదా అన్న ప్రశ్న అడిగేది అతని మేలు కోరే కాకపోవచ్చని, దాని వెనక శిస్తులు, దివాణాలు, దాయాదులు ఉంటారని ఆ చరిత్ర తెలిసినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. సర్ చార్లెస్ వాళ్లకు చప్పున అర్థమవుతాడు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం స్త్రీ ప్రేక్షకుల నుంచి వస్తుంది, దానికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. క్లేర్, గ్రేస్ ఇద్దరూ జాక్ చేతిలో చనిపోతారు. ఇద్దరినీ సినిమా ముందు కోరికల మనుషులుగా, ఎత్తుగడల మనుషులుగా చూపించి, వాళ్ల మరణాన్ని జాక్ కథలో మలుపులుగా వాడుకుంది. గ్రేస్ దగ్గర కాస్త నయం. డబ్బు కోసం వేషం వేసి వచ్చిన మనిషి నిజంగా ప్రేమలో పడే తీరును కెరొలిన్ సీమోర్ నమ్మకంగా నటించింది. కానీ రిప్పర్ పేరు వాడుకున్నప్పుడు, 1888లో చచ్చిపోయింది ప్రభువుల భార్యలు కాదు, పూట గడవని వైట్‌చాపెల్ ఆడవాళ్లని గుర్తుచేయాల్సిన బాధ్యత సినిమాకి ఉంది. పాలకవర్గం గురించి మాట్లాడే సినిమాకు అదెంత దగ్గరి విషయం! దాన్ని పొగమంచుగా, గుర్రపుబండి చప్పుడుగా, వేషంగా మాత్రమే వాడుకుని వదిలేశారు. ఆ స్త్రీలకు చోటిచ్చి ఉంటే రెండో సగం ఇంకా పదునెక్కేది. రెండో సగం మీద పెట్టదగిన ఫిర్యాదు అది చేదుగా ఉందని కాదు, ఆ చేదు చేరాల్సినంత దూరం చేరలేదని.

నిడివి గురించి కూడా ఒక మాట. మధ్యలో కొన్ని పాటలు అవసరానికి మించి సాగుతాయి, ఇంటికి అతిథులుగా వచ్చే ఊరి స్త్రీల సన్నివేశాలు తగ్గించవచ్చు. ఎవరైనా కత్తెర పట్టుకోవాలంటే మొదటి సగం మీదే పట్టుకోవాలి. ఓటూల్‌కి ఈ పాత్ర ఐదో ఆస్కార్ నామినేషన్ తెచ్చింది, బహుమతి 'గాడ్‌ఫాదర్'కి మార్లన్ బ్రాండోను వరించింది. ఓటూల్ నటనను మెచ్చుకునేవాళ్లంతా శిలువ మీది జాక్‌నే తలుచుకుంటారు. నాకు మాత్రం ఆయన ప్రతిభ తెలిసేది జుట్టు కత్తిరించుకున్న తరవాతే. గొంతు పెంచడు, కళ్లు తిప్పడు, ఒక గౌరవనీయుడైన ఎర్ల్ ఎలా ఉండాలో అలాగే ఉంటాడు. అతన్ని చూసి బిషప్పులు, పోలీసులు, సభ్యులు ఎందుకు సంతోషించారో మనకు అర్థమయ్యేలా చేస్తాడు. ఒక్క క్షణం మనకూ అతను బాగుపడ్డాడనే అనిపిస్తుంది. ఆ క్షణం కోసమే ఈ సినిమా తీశారు. కాబట్టి ఇది చూడబోయే తెలుగు ప్రేక్షకుడిని నేను అడిగేది ఒకటే. సగంలో లేవకండి, నవ్వు ఆగిపోయిందని విసుక్కోకండి, ప్రభువుల సభ దృశ్యం దాకా కూర్చుని, 1920 జూలైలో అదే పేరున్న నిజమైన సభలో పడిన 129 ఓట్లను మనసులో ఉంచుకుని చూడండి. అభిప్రాయం ఆ తరవాత చెప్పండి.